అమ్మవారి చీర మీద కత్తెర

కత్తెర పెట్టే ముందు దేముడమ్మ వీధి తలుపు గడియ వేసింది. గడియ వేశాక కిటికీ రెక్క కూడా దగ్గరకు లాగింది. పట్టపగలు సొంత ఇంట్లో సొంత కత్తెర పట్టుకుని దొంగలా కూర్చున్నందుకు ఆమెకే నవ్వు రావాలి గానీ, రాలేదు. లేచి చెంబెడు నీళ్లు తాగి మళ్లీ వచ్చి కూర్చుంది.

నేల మీద చీర పరిచి ఉంది. ఎర్రటి చీర, జానెడు జరీ అంచు, పైట నిండా మామిడి పిందెలు. మల్కాపురంలో ఆ చీర ఎరగని ఆడది లేదు. పోయిన పండక్కి గంగాలమ్మ తల్లి ఒంటి మీద ఉన్నది అదే. పండగ అయ్యాక పూజారి దాన్ని తీసి, ఘటాలు ఎత్తిన ఆడవాళ్లలో పెద్దదని గురువమ్మ చేతుల్లో పెట్టాడు. గురువమ్మ అంటే దేముడమ్మకి అత్తగారు. ఆవిడ ఆ చీరని కళ్లకద్దుకుని, మడతల్లో పసుపు కొమ్ము పెట్టి, ట్రంకు పెట్టె అడుగున దాచి తాళం వేసింది. ఏడాదికి ఒక్క పూట, తలంటుకుని కట్టాలి. మైల తగలనివ్వకూడదు. చాకింట వెయ్యకూడదు. కత్తెర పెట్టకూడదని మాత్రం ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. అలాంటి మాట చెప్పాల్సి వస్తుందని ఎవరికీ తోచి ఉండదు.

గురువమ్మ ఇప్పుడు ఎలమంచిలిలో ఉంది, కూతురి పురుడికి వెళ్లింది. పెట్టె తాళం కోడలి మొలలో ఉంది.

దేముడమ్మ కూతురు పైడితల్లి కాన్వెంటులో ఒకటో క్లాసు చదువుతోంది. వార్షికోత్సవానికి వేసే ఇంగ్లీషు నాటకంలో దానికి రాకుమారి వేషం వచ్చింది. అందంగా ఉందని కాదు. సముద్రపు రాక్షసుడి ముందు నిలబడి చెప్పాల్సిన ఇంగ్లీషు ముక్కని క్లాసు మొత్తంలో గుక్క తిప్పుకోకుండా, గోడలు అదిరేలా చెప్పింది అదొక్కతే. వేషమైతే ఇచ్చారు గానీ, దుస్తులు ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలన్నారు. నేల తాకే గౌను, బుట్ట చేతులు, తళతళలాడాలి. వారం లోపల తేకపోతే వేషం వేరే పిల్లకి ఇచ్చేస్తామని టీచరమ్మ నవ్వుతూనే చెప్పింది. ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్నారని ఊళ్లోకి కొత్తగా దిగిన ఆఫీసర్ల పిల్లలతో ఆ బడి నిండిపోయింది. వాళ్లకి గౌన్లకేం కొదవ.

కొట్లో సాటిను బట్ట మాట ఎత్తితే మొగుడు అప్పలసూరి ఇంటి పెంకుల వైపు చూశాడు. పోర్టులో కలాసీ పని. ఓడలు పల్చబడిన రోజులు. ఆ మాట అక్కడితో అయిపోయింది.

"తల్లీ, గుంట కోసమే" అని దేముడమ్మ చీరకి దండం పెట్టింది. "దానికెట్టింది కూడా మీ అప్పసెల్లెళ్ల పేరే కదా. కోపం సేసుకోకు."

కత్తెర మొదటి కొరుకు కొరికినప్పుడు చప్పుడు ఇల్లంతా వినిపించినట్టయింది. అక్కడే ఆగి, ఏమైనా అవుతుందేమోనని ఎదురు చూసింది. వీధిలో ఎవరో కుళాయి దగ్గర బిందెల కోసం పోట్లాడుకుంటున్నారు. పోర్టు సైరను కూసింది. ఇంకేమీ కాలేదు. ఊపిరి పీల్చుకుని, చీర చివరిదాకా కోసేసింది.

కుట్టుపని ఆమెకి కొత్త కాదు. చేతి మిషను మీద వాడకట్టులోని జాకెట్లు, పరికిణీలు కుట్టి పెడుతుంది. అయితే గౌను అన్నది చేతులారా ముట్టుకున్నది లేదు. నమూనాకి ఉన్నదల్లా ఒక బిస్కెట్ల డబ్బా. ఏదో ఓడ తాలూకు నావికుడు అప్పలసూరికి ఇచ్చిపోయాడు. దాని మూత మీద తెల్లని దొరసాని గౌను పట్టుకుని మెట్లు దిగుతూ ఉంటుంది. దేముడమ్మ మూతని మిషను మీద నిలబెట్టి, చూస్తూ కుట్టింది. ముందు భాగం సరే, మూత మీద ఉంది. వెనక ఎలా ఉంటుంది? దొరసాని అటు తిరగదు. అందుకని వెనక వైపు తనకి తెలిసిన జాకెట్టు లాగే హుక్కులూ కాజాలూ పెట్టేసింది. జరీ అంచు కింద కుచ్చులకి వాడింది. పైటలోని మామిడి పిందెలు సరిగ్గా ఎదురురొమ్ము మీదికి వచ్చేలా కోసింది. బుట్ట చేతులు మూడుసార్లు విప్పి కుట్టాక ఉబ్బాయి. పని చేస్తున్నంతసేపూ భయం గుర్తు రాలేదు. సూది ఆగినప్పుడే వచ్చేది.

అన్నీ అయ్యాయి గానీ కింది భాగం వేలాడిపోయింది. డబ్బా మూత మీద గౌను గోపురంలా నిలబడి ఉంది. ఇది చూడబోతే పరికిణీలా కాళ్లకి చుట్టుకుంటోంది. గంజి పెడదామా అంటే అమ్మవారి చీర. ఆలోచించి ఆలోచించి దేముడమ్మ వెనక వీధిలో చేపలమ్మే చిట్టమ్మ దగ్గరికి వెళ్లింది. చిట్టమ్మ మొగుడు జగ్గయ్య అప్పుడే వేట నుంచి వచ్చి, చిరిగిన నైలాను వల గోడ మీద పడేసి, మోచేతులకి తడి ఇసుక రుద్దుకుంటున్నాడు.

"ఒదినా, ఆ సిరిగిన ముక్కలు నాకిత్తావేటి? గుంట గౌనులోపల ఏత్తే బుట్ట లాగ నిలబడతాది."

"గౌనుకి వలేటొదినా?" చిట్టమ్మ పడీపడీ నవ్వింది. "అట్టుకెల్లు. సూసుకో మరి, స్టేజీ మీద సేపలు పడగలవు."

వల మోకాళ్ల దాకా నాలుగు పొరలు వేసి నడుము దగ్గర కుచ్చు పెట్టి కుట్టేసరికి గౌను లేచి నిలబడింది. దేముడమ్మకి ఎంత సంబరమైందంటే, లోపల అస్తరు వెయ్యాలన్న సంగతే పట్టించుకోలేదు. అస్తరుకి బట్ట కూడా లేదు. లోపల ఎవరు చూడొచ్చారు అనుకుంది.

తొడిగి చూసినప్పుడు పైడితల్లి కాళ్లు ఎడంగా పెట్టి నిలబడింది. "గీరుకుంటందే అమ్మా."

"రాణులకి అలాగే ఉంటాది. ఊరుకో" అంది దేముడమ్మ.

బడిలో వేషాలతో సాధన జరిగిన రోజు టీచరమ్మ గౌనుని అటూ ఇటూ తిప్పి చూసి, ఎక్కడ కుట్టించారని అడిగింది. ఇంటికి తీసుకెళ్తే నలిగిపోతుందని తనే బీరువాలో పెట్టించింది. ఆ మాటలు కూతురు చెబుతుంటే దేముడమ్మ రెండుసార్లు చెప్పించుకుని విన్నది. పిల్ల చెబుతూనే తొడలు గోక్కుంటోంది.

"ఏటే అది?"

లంగా పైకెత్తి చూసింది. తొడల మీద, పొత్తికడుపు మీద ఎర్రగా పొక్కులు. దేముడమ్మ లంగా టక్కున వదిలేసింది. నుదుటి మీద చెయ్యి వేసింది. పిల్ల ఒళ్లు వెచ్చగా ఉందో, తన చెయ్యి చల్లబడిపోయిందో తెలియలేదు. గోడ మీది గంగాలమ్మ పటం వైపు చూడలేకపోయింది.

సరిగ్గా అదే సాయంత్రం ప్యాసింజరు బండికి గురువమ్మ ఎలమంచిలి నుంచి దిగింది. చేతి సంచి గుమ్మంలో పెట్టి, మనవరాల్ని దగ్గరికి తీసుకుని, ఒళ్లు తడిమింది. ఆవిడ కళ్లలో తెల్లపొర వచ్చి చాలా కాలమైంది, ఏదైనా వేళ్లతోనే చూస్తుంది. పొక్కుల మీద వేళ్లు ఆగాయి. చటుక్కున చెయ్యి తీసి చెంపలు వేసుకుంది.

"అమ్మోరే" అంది నెమ్మదిగా. "తల్లి మనింటికొచ్చింది."

దేముడమ్మ అత్తగారి ముఖం వైపు చూసింది. చిన్నప్పుడు అమ్మవారు పోసి వెళ్లిన గుంటలు ఆ ముఖం నిండా ఉన్నాయి. ఇన్నేళ్లుగా రోజూ చూస్తున్న ముఖమే. ఆ పూట ఆ గుంటలు ఒక్కొక్కటీ విడిగా కనబడ్డాయి, ఆరేళ్ల పిల్ల ముఖం మీద కనబడ్డాయి.

"ఇంట్లో ఏటైనా తప్పు జరిగినాదేటే?" గురువమ్మ అడిగింది. "మైల గాని, ఎంగిలి గాని?"

చెప్పెయ్యడానికి అంతకంటే మంచి సమయం లేదు. నోరు తెరిచింది కూడా. "లేదత్తా" అన్న మాట బయటికి వచ్చింది.

ఇక ఇల్లు ఇల్లులా లేదు. గుమ్మానికి వేపమండలు కట్టారు. పోపు ఆగిపోయింది. అప్పలసూరి గెడ్డం గీసుకోకూడదు, ఎవరూ తల దువ్వుకోకూడదు. పిల్లని వేపాకు పరిచిన పక్క మీద పడుకోబెట్టి పైన పంచె కప్పారు. పొక్కుల్ని ఎగాదిగా చూడకూడదని, అవి తల్లి ముత్యాలని, చూసిన కొద్దీ పెరుగుతాయని గురువమ్మ ఆన. ఆ ఆన లేకపోయినా దేముడమ్మకి చూసే ధైర్యం లేదు. పంచె కొస పట్టుకునేది, వదిలేసేది. డాక్టరు దగ్గరికి తీసుకెళ్దామా అని అప్పలసూరి ఒకసారి గొణిగాడు. గురువమ్మ అతని వైపు తిరిగేసరికి కండువా దులుపుకుని డ్యూటీకి పోయాడు.

గురువమ్మ అన్నం మానేసింది. మనవరాలికి చల్లబడేదాకా మెతుకు ముట్టనని మొక్కింది. ఆ వయసులో, ఎండిన ఒంటితో, పిల్ల తలాపున కూర్చుని వేపమండతో విసురుతూ ఉండేది. దేముడమ్మ వంటింట్లోంచి చూసేది. తప్పు ఒకరిది, ఉపవాసం ఇంకొకరిది. ఆ సంగతి తెలిసిన మనిషి ఈ ఇంట్లో తనొక్కతే. ముద్ద నోట్లో పెట్టుకుంటే దిగేది కాదు. పెట్టుకోకపోతే అత్త అడుగుతుందని మింగేది.

దీపాల వేళ పైడితల్లి కళ్లు మూసుకునే ఉండి గట్టిగా అంది: "ఓ మాన్‌స్టర్ ఆఫ్ ది సీ, ఐ యామ్ నాట్ అఫ్రయిడ్ ఆఫ్ యూ."

గురువమ్మ చేతిలో మండ ఆగిపోయింది. పిల్ల మళ్లీ అదే మాట, అదే గొంతుతో, చెయ్యి పైకెత్తి అంది. ముసలామె లేచి పిల్లకి సాష్టాంగపడింది.

"ఏ బాసలో సెప్తన్నావు తల్లీ? మాకు తెలిసే బాసలో సెప్పు. ఏటి కావాలి నీకు?"

అది నాటకంలో ముక్క అని దేముడమ్మకి తెలుసు. ఇంట్లో వందసార్లు విన్నదే. వేరే రోజైతే పొట్ట పట్టుకుని నవ్వేది. కాని ఆ మసక వెలుతురులో, వేపాకు వాసనలో, మోకాళ్ల మీద ఉన్న అత్తగారిని చూస్తుంటే తెలిసిన మాట కూడా తెలియని మాటలాగే వినిపించింది. ఆ మాటకి అర్థం ఏమిటో పిల్లని ఎప్పుడూ అడగలేదు.

"దేముడూ, పెట్టె తాలం తే" అంది గురువమ్మ లేచి. "తల్లి సీర తీసి గుంట మీద కప్పుతాను. తల్లి సీర తల్లికే కప్పితే శాంతిస్తాది."

దేముడమ్మ చెయ్యి తనకు తెలియకుండానే మొల మీదికి పోయింది. తాళం అక్కడే ఉంది, చల్లగా ఒంటికి తగులుతూ.

"కనబడడం లేదత్తా. ఎక్కడో ఎట్టీసినాను."

"ఇల్లంతా ఎతుకు."

వెతికింది. తన మొలలో ఉన్న తాళం కోసం బియ్యం డబ్బాలో వెతికింది, పరుపు కింద వెతికింది, చూరులో చెయ్యి పెట్టి వెతికింది. చెమటలు కారుతున్నాయి. గురువమ్మ ఆ తెల్లపొర కళ్లతో కోడలు ఎటు కదిలితే అటు తిరుగుతోంది. చివరికి, "సూరిగాడు రేపు డ్యూటీ దిగొచ్చి పగలగొడతాడులే" అని మళ్లీ మండ అందుకుంది.

మర్నాడు బడిలో వార్షికోత్సవం. పొద్దెక్కాక కాన్వెంటు ఆయా వచ్చి, గుమ్మానికి ఉన్న వేపమండలు చూసి వీధిలోనే నిలబడిపోయింది.

"టీచరమ్మ కబురెట్టినారు" అంది అక్కణ్నుంచే. "పిల్ల రావడం లేదని, స్టీలు ప్లాంటు ఆఫీసరు గారి పాపకి ఏసం ఇచ్చీసినారు. గౌను ఆ పాపకి సరిపోనాది. రేపు పంపిత్తారంట. మీరు కంగారు పడొద్దన్నారు."

"గౌను ఏసీసినారా?" అంది దేముడమ్మ.

"పొద్దున్నుంచీ అదే ఏసుకుని ఆడతంది."

వేషం పోయినందుకు రావాల్సిన ఏడుపు రాలేదు. అడగనైనా అడక్కుండా తను కుట్టిన గౌను తీసి ఇంకొకరి పిల్లకి తొడిగినందుకు రావాల్సిన కోపమూ రాలేదు. భయం ఒక్కటే వచ్చింది, కాళ్లలోంచి పైకి. తన తప్పు ఇప్పుడు తన ఇంట్లో లేదు. ఎవరో కన్నపిల్ల ఒంటి మీదికి ఎక్కింది. ఆ పిల్లకి ఏమైనా అయితే?

"అత్తా, ఏపాకు తెత్తాను" అని, జవాబు కోసం ఆగకుండా బయట పడింది.

రిఫైనరీ గోడ పొడుగునా పరుగులాంటి నడక నడిచింది. తల దువ్వుకుని లేదు, కట్టుకున్నది నలిగిన చీర. కాన్వెంటు గేటు లోపల షామియానా కట్టి, కుర్చీలు వేస్తున్నారు. మామూలుగా ఆ గేటు దగ్గర పిల్లని వదిలి వెనక్కి తిరగడమే గానీ ఎన్నడూ లోపల అడుగు పెట్టలేదు. టీచరమ్మ ఇంగ్లీషులో ఏదైనా అడుగుతుందేమోనని భయం. ఆ భయం కూడా ఇవాళ వెనకబడిపోయింది.

స్టేజీ వెనక గదిలో ఆఫీసరు భార్య కుర్చీలో కూర్చుని కూతురి జడకి పూలు తురుముతోంది. ఆ పిల్ల ఎర్రగౌనులో నిలబడి, ఒక కాలితో ఇంకో కాలు రుద్దుకుంటోంది. పక్కన టీచరమ్మ.

"నాను పైడితల్లి అమ్మనండి. ఆ గౌను ఇప్పీయండి."

టీచరమ్మ చిరునవ్వు తెచ్చుకుంది. "మీ అమ్మాయి రాలేదు కదమ్మా. నాటకం ఆపలేం కదా. చక్కగా కుట్టావు, నలుగురూ చూస్తారు. సంతోషించాలి."

"దానికి కాదండి. అది ఎవరికీ తొడగకూడదండి."

"ఎవరండీ ఈవిడ?" అంది ఆఫీసరు భార్య తల తిప్పకుండానే. "ఏం కావాలట?"

దేముడమ్మ గోడ వైపు చూస్తూ ఒక్క గుక్కలో చెప్పేసింది. "అది గంగాలమ్మ తల్లి కట్టిన సీరండి. తల్లి ఒంటిమీంచి తీసింది. నాను కత్తెరెట్టీసినాను. నా గుంటకి అమ్మోరు పోసినాది. మీ పాపకి ఇప్పీయండమ్మా, మీ కాళ్లట్టుకుంటాను."

టీచరమ్మ నిట్టూర్చింది. చదువుకోని వాళ్ల మూఢనమ్మకాల గురించి ఏదో అనబోయింది. అయితే కుర్చీలో మనిషి అప్పటికే లేచి నిలబడింది. చేతిలోని పూలదండ కింద పడింది. ఖరీదైన చీర, చేతికి గడియారం, సన్నగా గీసిన కనుబొమలు. ఆ ముఖంలో రంగు పోవడం దేముడమ్మ కళ్లారా చూసింది. తను మూడు రోజులుగా మోస్తున్నదే, అచ్చం అదే, ఆ ముఖంలోకి దిగింది.

"విప్పు, విప్పు" అంటూ ఆవిడ కూతుర్ని వెనక్కి తిప్పింది. హుక్కులు పట్టు దొరకడం లేదు. దేముడమ్మ వెళ్లి తనే హుక్కులు తీసింది. గౌను కిందికి జారింది.

పిల్ల తొడల మీద ఎర్రగా పొక్కులు.

"అయ్యో తల్లీ" అని ఆఫీసరు భార్య కుర్చీలో కూలబడింది. ఆ వెంటనే దేముడమ్మ చెయ్యి పట్టుకుంది. "అమ్మా, మీరు చెప్పండి. ఏం చెయ్యాలి? మా వైపు పోలేరమ్మకి మొక్కుతారు. ఇక్కడ ఏం మొక్కుకోవాలి? మీరు ఏం చెయ్యమంటే అది చేస్తాను. ఒక్కగానొక్క పిల్లమ్మా."

దేముడమ్మ వినడం లేదు. ఆ పిల్ల కాళ్లనే చూస్తోంది. ఈ పిల్ల విషయంలో చూడకూడదన్న ఆన ఏదీ లేదు. పొక్కులు నడుము దగ్గర గీత గీసినట్టు మొదలయ్యాయి. మోకాళ్ల దగ్గర గీత గీసినట్టు ఆగిపోయాయి. చేతుల మీద ఒక్కటి లేదు, మెడ మీద లేదు. వంగి ఇంకా దగ్గరగా చూసింది. ఎడమ తొడ మీద, పిల్ల కుర్చీకి ఆనుకున్న చోట, పొక్కులు గళ్లు గళ్లుగా లేచి ఉన్నాయి. వల గళ్లు. జగ్గయ్య వేట నుంచి వచ్చి మోచేతులకి ఇసుక రుద్దుకునేది దీనికే. సముద్రంలో గొడుగుల్లా తేలే జిగురు జంతువులు వలలో పడతాయి. వాటి జిగురు వలకి పట్టి ఎండిపోయినా, మనిషి చెమట తగిలితే చాలు, దద్దురు లేస్తుంది. మంచినీళ్లలో నానబెట్టి ఝాడించి గాని ఆ వల ఎవరూ ముట్టుకోరు. తనకది తెలుసు. గౌను నిలబడిందన్న సంబరంలో మర్చిపోయింది.

పరాయి పిల్ల ఒంటి మీద దద్దురు చూసి ఒక తల్లి ప్రాణం లేచి రావడం మర్యాదైన పని కాదు. కానీ లేచి వచ్చింది. గది మధ్యలో నిలబడి ఆమెకి గట్టిగా ఏడవాలనిపించింది, ఎవరినైనా కౌగిలించుకోవాలనిపించింది.

ఆఫీసరు భార్య ఇంకా చెయ్యి వదల్లేదు. "చెప్పండమ్మా" అంటోంది.

అలాంటి మనిషి నోట తనని ఉద్దేశించి 'మీరు' అన్న మాట దేముడమ్మ పుట్టి బుద్ధెరిగాక వినలేదు. ఊరుకుంటే చాలు. రెండు రోజుల్లో దద్దురు దానంతటదే పోతుంది. ఈవిడ గంగాలమ్మ తల్లికి చీర పెడుతుంది, కొబ్బరికాయలు కొడుతుంది, వీధిలో కనబడితే నమస్కారం కూడా పెట్టవచ్చు. చేపల వల సంగతి ఎవరికీ తెలియక్కర్లేదు. అయితే ఆ చెయ్యి చల్లగా ఉంది. అది ఎంత చల్లదనమో, ఈ రాత్రి ఆ మనిషికి ఎలా గడుస్తుందో దేముడమ్మకి తెలుసు.

"అమ్మోరు కాదమ్మా" అంది. "ఇది వల దురద. గౌను నిలబడతాదని లోపల సేపల వలేసినాను. కడక్కుండా ఏసీసినాను. ఉప్పునీళ్లతో కడిగి కొబ్బరినూని రాయండి, తగ్గిపోద్ది. నాదే తప్పు."

ఆవిడ చెయ్యి లాగేసుకుంది. కింద పడి ఉన్న గౌను కొస రెండు వేళ్లతో ఎత్తి లోపల చూసింది. ముఖంలోకి రంగు తిరిగి వచ్చింది, దానితోపాటు మిగతావన్నీ వచ్చాయి.

"చేపల వలా? కంపు కొట్టే చేపల వల నా పిల్లకి తొడిగిస్తావా నువ్వు? బుద్ధుందా నీకు?" టీచరమ్మ వైపు తిరిగింది. "ఇలాంటి వాళ్ల బట్టలు మా పిల్లలకి వేయిస్తారా మీరు? నాటకమూ వద్దు, ఏమీ వద్దు." పిల్లకి తువ్వాలు చుట్టి ఎత్తుకుని, బయట ఆగి ఉన్న కారు వైపు నడిచింది. తిట్టినంతసేపూ దేముడమ్మ తల వంచుకుని నిలబడింది. తిట్లు ఒంటికి అంటలేదు. ఆవిడ అడుగుల్లో మళ్లీ జోరు వచ్చింది, అది చాలనుకుంది.

టీచరమ్మ నుదురు రుద్దుకుంది. "ఇప్పుడు రాకుమారి ఎవరు?"

"నా గుంటే అండి" అంది దేముడమ్మ. "సాయంత్రానికి తెత్తాను."

గౌను చుట్టి చంకలో పెట్టుకుని ఇంటికి వచ్చేటప్పుడు కాళ్లు తేలికగానే పడ్డాయి, వీధి మలుపు దాకా. మలుపు తిరిగాక వేపమండలు కనబడ్డాయి. అప్పుడు తట్టింది. వల దురద అని చెప్పాలంటే వల ఎక్కడ తగిలిందో చెప్పాలి. గౌను అనాలి. గౌను అంటే చీర. ఏమీ చెప్పకపోతే పిల్లకి ఎలాగూ తగ్గిపోతుంది. చీర మాట పెట్టె పగిలినప్పుడు చూసుకోవచ్చు, ఏ ఎలకల మీదికో నెట్టెయ్యవచ్చు. పైగా తాళం తన మొలలోనే ఉంది.

గురువమ్మ పిల్ల తలాపున అలాగే కూర్చుని ఉంది. పెదవులు పొడిబారి తెల్లగా ఉన్నాయి. విసిరే చెయ్యి ఆగి ఆగి కదులుతోంది.

"ఏపాకు దొరికినాదేటే?"

దేముడమ్మ దగ్గరికి వెళ్లి కూర్చుని, గౌనుని అత్తగారి ఒళ్లో పెట్టింది. ముసలి వేళ్లు గౌను మీద తిరిగాయి. జరీ అంచు తగిలింది. మామిడి పిందెలు తగిలాయి, ఒక్కొక్కటే తడిమాయి. వాటి పక్కనే కుట్టు తగిలింది. బుట్ట చేతుల్లోకి దూరి, బయటికి వచ్చి, కింద వల దగ్గర ఆగాయి. గురువమ్మ వల కొస పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. తర్వాత పిల్ల మీది పంచె కిందికి చెయ్యి పోనిచ్చి, పొక్కులు మొదలైన చోటు నుంచి ఆగిన చోటు దాకా, ఇవాళ తీరిగ్గా తడిమింది.

వంటింట్లో కుండ మీది మూత పిల్లి కదిపితే దేముడమ్మ ఉలిక్కిపడింది.

"కత్తెరెట్టే ముందు దండం ఎట్టినావా?" అంది గురువమ్మ.

"ఎట్టినానత్తా."

"ఏటని?"

"గుంట కోసమేనని."

"నన్నెందుకు అడగలేదే? ఊరెల్లినాను గాని సచ్చిపోనానేటి?"

దేముడమ్మ కళ్లెత్తి చూసింది. "అడిగితే ఇద్దువా?"

గురువమ్మ ఆ మాట నిజంగానే ఆలోచించింది. వేపమండ పక్కన పెట్టింది.

"ఇవ్వకపోదును" అంది. "సచ్చినా ఇవ్వకపోదును." గౌనుని ఒళ్లో తిరగేసి, వల కుట్టిన పోగు ఎక్కడ మొదలైందో గోటితో వెతకడం మొదలుపెట్టింది. "తల్లితో నాను సెప్పుకుంటాను. గుంట ఎన్ని గంటలకి ఎక్కాలి?"

"దీపాలెట్టే ఏళకి."

"అయితే ఉప్పునీళ్లు కాసి దానికి తానం సేయించు. ముందు నాకు సోడంబలి పొయ్యి. ఆకలేత్తంది."

పైడితల్లి కళ్లు తెరిచి, తనకీ ఆకలేస్తోందని చెప్పింది. దేముడమ్మ కుండ దగ్గర కూర్చుని అంబలి గిన్నెలోకి వంచబోయింది. ఇన్ని రోజులూ నిలబడ్డ చేతులు అప్పుడు పట్టు తప్పి, సగం అంబలి నేలపాలయింది. గురువమ్మ ఆ చప్పుడు విననట్టే, వల ముడి పళ్లతో పట్టి లాగుతోంది.